రిజెక్ట్ అయిన పాలపిట్ట

మా బావ శంకరప్పకు తన కంటి మీద ఉన్నంత నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. ఎగతాళికి అనడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. జహీరాబాద్‌లో హైవే పక్కన, ట్రాక్టర్ల చక్రాల రిమ్ములకు రంగు వేసి కంపెనీకి పంపే చిన్న యూనిట్ ఒకటుంది. ఆయన అందులో ఇరవై ఎనిమిదేళ్లుగా రంగు చూసే మనిషి. వేసే మనిషి కాదు, చూసే మనిషి. రంగు ఆరిన రిమ్ము ఆయన ముందుకు వస్తుంది. తల కొంచెం పక్కకు వంచి చూసి "ఓకే" అంటే అది లారీ ఎక్కుతుంది. "రిజెక్ట్" అంటే వెనక్కి వెళ్లి గీకించుకుని, మళ్లీ రంగు పూయించుకుని వస్తుంది. ఎందుకని అడిగే ధైర్యం ఆ యూనిట్లో ఎవరికీ లేదు.

ఆ కన్ను యూనిట్ గేటు దగ్గరే ఆగిపోతే బాగుండేది. అది ఇంటికీ వచ్చేది, పెళ్లిళ్లకూ వచ్చేది. నా పెళ్లిలో మా అత్తగారు మా అక్క నారమ్మకు చీర పెడితే, అంచు ఎరుపూ కొంగు ఎరుపూ ఒకటి కాదని పందిట్లోనే చెప్పాడు. తరవాత ఆ చీర కొట్టుకు తీసుకెళ్లి చూపిస్తే కొట్టతను కూడా నిజమేనని ఒప్పుకున్నాడు. మా అత్తగారు మాత్రం ఈనాటికీ ఆయనతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

అలాంటి మనిషి మొన్న భాద్రపదంలో చిరాగ్‌పల్లి నుంచి బండి మీద వస్తూ వాన బురదకు జారిపడ్డాడు. ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. దవాఖానలో రాడ్డు వేసి, కార్తీకం దాటేదాకా కాలు నేల మీద మోపొద్దన్నారు. మంచం ముందు గదిలో వేయిద్దామంటే ఒప్పుకోలేదు. వెనక గదిలో, ఉత్తరం వైపు కిటికీ పక్కనే వేయించుకున్నాడు. ఉత్తరం వెలుతురులోనే రంగు నిజంగా కనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. మంచంలో పడుకున్నవాడికి రంగుతో ఏం పని అని మేం అడగలేదు.

మొదటి వారం ఆయన ఇంటిల్లిపాదితో తగువు పెట్టుకున్నాడు. గోడకు వేసిన సున్నం ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉందన్నాడు. కూరలో పసుపు నిన్నటికంటే తక్కువైందన్నాడు. ఎనిమిదో రోజు అక్క నాకు ఫోన్ చేసింది.

"గిరీ, ఈయనకు ఏదన్న పని పెట్టురా. లేకుంటే ఇంకో కాలు నేనే ఇరగ్గొడ్త."

నేను కోహీర్‌లో బడిపంతులును. రెండేళ్ల కిందట మోజుపడి, దూరంగా ఉన్నవాటిని దగ్గరకు లాగే కెమెరా ఒకటి కొన్నాను. రెండు నెలలు తిప్పి బీరువాలో పెట్టాను. అది తీసుకెళ్లి బావ చేతిలో పెట్టి, కిటికీ బయట జామచెట్టు మీది పిగిలిపిట్టను చూపించాను. "దీని తోక కింద ఎరుపు ఉంటది బావా. దొరుకుతదేమో చూడు" అన్నాను. ఎరుపు అనే మాట చెవిన పడగానే ఆయన తల పక్కకు వంగింది.

ఆ తరవాత ఆ కిటికీ ఇంకో యూనిట్ అయిపోయింది. అద్దాన్ని పాత పేపరుతో రోజూ రెండుసార్లు తుడిపించేవాడు. తెల్ల బనియను కదిలితే పిట్టలు బెదురుతున్నాయని మట్టిరంగు చొక్కా వేసుకునేవాడు. కెమెరా మూతిని అద్దానికి ఆనించి పెడితే తన నీడ ఫొటోలో పడదని మూడో రోజుకే కనిపెట్టాడు. నేను రెండు నెలల్లో కనిపెట్టలేనిది. అక్క జొన్నకంకుల గుత్తి ఒకటి తెచ్చి కిటికీ ఊచకు కట్టింది. కిటికీ బయటి గట్టు మీద ఒక రేకు పెట్టి, నానబెట్టిన నూకలు పోసింది.

ఆ రేకు సంగతి ఇక్కడే చెప్పాలి. జానెడు పొడవు, జానెడు వెడల్పు, తెల్లరంగు వేసిన ఇనపరేకు. ఆషాఢంలో యూనిట్లో రెండు వందల రిమ్ములకు తెలుపు వేశారు. రంగు చూసే పనిలో బావ కింద ప్రియదర్శిని అనే అమ్మాయి ఉండేది. డిప్లొమా చదివింది, ఇరవై అయిదేళ్లుంటాయి. ఆమె చేతిలో రంగు కొలిచే మీటరుండేది. ఈ తెలుపు పసుపు కొడుతోందని, మీటరు కూడా అదే చెబుతోందని ఆమె రాసింది. బావ చూసి బ్రహ్మాండంగా ఉందన్నాడు, ఆ రిమ్ముల లాటు లారీ ఎక్కింది. నాలుగో రోజు అంతా వెనక్కి వచ్చింది. ఆ పిల్ల తప్పుడు నంబరు రాసిన కాగితం లాటుతో పాటు వెళ్లింది కాబట్టే కంపెనీవాళ్లు వెనక్కి పంపారని, సరుకులో ఏ లోపమూ లేదని బావ మేనేజర్ సదాశివ ముందు తేల్చి చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ల కన్ను ముందు రెండేళ్ల మీటరు నిలవలేదు. ప్రియదర్శినిని రంగు చూసే లైన్ మీంచి తీసి అట్టపెట్టెలు కట్టే ప్యాకింగ్‌లో వేశారు. ఆ లాటు రంగే వేసిన నమూనా రేకును బావ ఇంటికి తెచ్చుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "చెప్పండి, గిది తెలుపు గాదా?" అనేవాడు. మేం అవుననేవాళ్లం. పక్కన ఇంకో తెలుపు లేనప్పుడు ఏ తెలుపైనా తెలుపే కదా. చూపించి చూపించి విసుగొచ్చాక ఆ రేకు వంటింటికి చేరి, చివరికి పిచ్చుకల కంచమైంది.

ఇక రిజిస్టరు. యూనిట్లో వాడగా మిగిలిన తనిఖీ పుస్తకం ఒకటి ఇంట్లో ఉండేది. తేదీ, సమయం, వస్తువు, రంగు, ఫలితం, చివరన రెండు గడులు: 'చూసినవారు', 'ఒప్పుకున్నవారు'. బావ అందులో పిట్టల్ని రాయడం మొదలుపెట్టాడు. 'వస్తువు' దగ్గర పిచ్చుక, 'ఫలితం' దగ్గర ఓకేనో రిజెక్టో. చూసినదీ ఆయనే, ఒప్పుకున్నదీ ఆయనే, రెండు గడుల్లోనూ ఆయన సంతకమే.

ఆదివారాలు వెళ్లినప్పుడు అది చదువుకోవడం నాకు పండగలా ఉండేది. "పిగిలిపిట్ట. తోక కింద ఎరుపు. ఓకే." "చిలుక. ఆకుపచ్చ ఓకే. మెడ పట్టీ ఓకే." "మగ పిచ్చుక. గొంతు నలుపు ఓకే. చెంప తెలుపు మాసింది, మళ్లీ వేయాలి." "కొంగ, పక్కింటి బర్రె మీద. తెలుపు పసుపు కొడుతోంది. రిజెక్ట్." "లకుముకి పిట్ట. వీపు నీలం అంటారు, ఆకుపచ్చలా ఉంది. రిజెక్ట్." "తేనెపిట్ట. గొంతు ఊదా అని గిరీశ్ అంటాడు. మట్టిరంగు. రిజెక్ట్."

నేను ఆ పేజీలు ఫోన్లో తీసి మా బళ్లో స్టాఫ్ రూములో చూపించేవాణ్ని. ఇరవై మూడు రకాల పిట్టలు రాస్తే పదకొండు రిజెక్టు అయ్యాయి. దేవుడి పనిలో కూడా సగానికి సగం తప్పులు పట్టిన మనిషి మా బావ అని చెప్పి నవ్వించేవాణ్ని. రిజెక్టయిన పదకొండూ తెలుపువో, నీలంవో, ఊదావో అని నాకు తట్టలేదు. రోజుకు నలభైమంది పిల్లల నోట్సులు దిద్దేవాణ్ని, నాకే తట్టలేదు.

దసరా వచ్చింది. ఆ రోజు పాలపిట్టను చూడనిదే మావైపు పండగ పూర్తి కాదు. జమ్మి దగ్గరకు వెళ్లి, పాలపిట్ట కోసం పొలాల వెంట తీగలు చూసుకుంటూ తిరుగుతారు. బావ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంట్లో ఉండిపోయాడు. పొద్దుటి నుంచీ ముభావంగా ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి వెనక గదిలోంచి కేక వినిపించింది. కాలికేమైందోనని పరిగెత్తాం.

"చప్పుడు చెయ్యకున్రి. తీగ మీద చూడున్రి."

పెరటి గోడ అవతల జొన్నచేను మీదుగా పోయే కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంది. ఊరంతా దాని కోసం తిరుగుతుంటే అది శంకరప్ప కిటికీ ముందుకు వచ్చింది. అక్క గోడ మీంచి పక్కిళ్ల వాళ్లను పిలిచింది. పది నిమిషాల్లో ఆ చిన్న గదిలో పదమూడుమంది చేరారు. ఒక ముసలమ్మ జమ్మి ఆకు బావ చేతిలో పెట్టి, "నడువలేనోని ఇంటికి నడిచొచ్చింది అమ్మవారు" అని దండం పెట్టింది. అప్పుడే పిట్ట రెక్కలు విప్పి చేను మీదికి ఎగిరింది. ఎండలో ఆ నీలం తళుక్కుమంటే గదిలో అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చారు. బావ కెమెరా టకటకమని కొట్టుకుంది.

అందరూ వెళ్లాక రిజిస్టరు తీశాడు. "పాలపిట్ట. బూడిదరంగు, కొంచెం ఆకుపచ్చ. నీలం లేదు. రిజెక్ట్."

అక్క భుజం మీంచి చదివింది. ఆమెకు అంత కోపం రావడం నేను ఎప్పుడో తప్ప చూడలేదు.

"ఏమయ్యా, పండుగ నాడు పాలపిట్టను రిజెక్ట్ జేస్తవా? గంత నీలం కండ్ల ముంగట మెరిసిపాయె."

"నీలమని చిన్నప్పటి సంది ఇన్నరు, గందుకే మీకు నీలం కనిపిస్తది. నేను ఇన్నది రాయ, చూసింది రాస్త" అన్నాడు బావ, పెన్ను మూత పెడుతూ.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఎదుటివాళ్ల మాట వినని మనిషే గానీ, పదమూడుమంది ఒకే మాటంటే దాన్ని తనిఖీ చేయకుండా వదిలే మనిషి కాదు.

"నీ కెమెరా ఖరాబైందిరా గిరీ" అన్నాడు. కెమెరాలోని ఫొటో నా ఫోన్లో చూపించాను, టీవీలో పెట్టి చూపించాను. నాకు నీలమే, ఆయనకు బూడిదే. అయితే కిటికీ అద్దం తప్పన్నాడు. అద్దం పక్కకు జరిపించి, ఉత్త కంటితో లకుముకి పిట్టను చూశాడు. ఏం మారలేదు. అప్పుడు బీరువా పై అరలో నల్లటి కవరు తీయమన్నాడు. అందులో ఒక తెల్లరేకు ఉంది. మాస్టర్ ప్లేటు అంటారు. యూనిట్లో తెలుపంటే ఇదీ అని ఒప్పుకున్న అసలు నమూనా. కొత్తది వచ్చాక పాతదాన్ని బావ ఇంటికి తెచ్చి, వెలుతురు తగిలితే రంగు మారుతుందని కవరులో దాచాడు.

"దాన్ని గట్టు మీద, పిచ్చుకల రేకు పక్కన పెట్టు. రెండు కలిపి ఫొటో తీస్త. కెమెరా బాగుంటే రెండు తెలుపులు ఒకటే లెక్క రావాలె."

పది గంటల వెలుతురు. నేను రెండు రేకులూ ఆనించి పెట్టాను. పిచ్చుక ఒకటి వచ్చి రెంటి మధ్యన వాలి నూకలు ఏరుకుంటుంటే బావ ఫొటో తీశాడు. తెర మీద చూసుకుని మొహం విప్పారింది.

"చూసినవా, రెండు ఒకటే. కెమెరా మంచిగనే ఉన్నది. ఆ పిల్ల మీటరే తప్పని నేను అప్పుడే చెప్పిన."

నేను తెర వంక చూశాను. తరవాత గట్టు వంక చూశాను. ఇంతలో అక్క చాయ్ పట్టుకుని వచ్చింది. రేకుల కథ ఆమెకు పట్టదు. కిటికీలోంచి చూసి మామూలుగా అడిగింది.

"రెండు రంగుల రేకులు పెట్టిన్రేంది? ఒకటి సున్నం లెక్క ఉంది, ఒకటి మీగడ లెక్క ఉంది."

బావ కప్పు అందుకోలేదు. నా వైపు తిరిగాడు. "గిరీ, నీకెట్ల కనిపిస్తున్నయి?"

"ఒకటే లెక్క ఉన్నయి బావా" అన్నాను.

అబద్ధం. సున్నమూ మీగడా అంత తేడాగానే ఉన్నాయి. ఆయన మొహం చూసి నాకు నోరు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు తనిఖీ చేసిన మనిషి, నేను జవాబు చెప్పడానికి తీసుకున్న ఆలస్యాన్ని పట్టేశాడు. యూనిట్లో ఎంతమంది ఇలాగే ఒకటే అన్నారో ఆ క్షణంలో ఆయనకు అర్థమయి ఉంటుంది. నామీద కోప్పడలేదు. పని పద్ధతిలోకి దిగాడు.

"నారమ్మా, రేకుల వెనక గుర్తు పెట్టు. నేను అటు తిరుగుత. నువ్వు మార్చి మార్చి పెట్టు. మాస్టర్ ఏదో నేను చెప్త. గిరీ, నువ్వు రాయి. పదిసార్లు."

పదిసార్లు మార్చింది అక్క. పదిసార్లూ ఆయన తల పక్కకు వంచి చూసి, ఎప్పటి గొంతుతోనే కుడి అనో ఎడమ అనో చెప్పాడు. నేను రాసింది చూపించమన్నాడు. ఆరు సరి, నాలుగు తప్పు.

"పైస ఎగరేసి చెప్పినా అయిదు వస్తయి" అన్నాడు బావ.

ఆ కాగితం మడిచి రిజిస్టరులో పెట్టాడు. నాకు భయం వేసింది. ఆయనకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. ఆయనకు ఆస్తి లేదు, పెద్ద చదువు లేదు. ఊళ్లో ఆయనకున్న పేరంతా ఆ కన్నే. అది పోతే ఆయన దగ్గర ఏం మిగులుతుందో నాకు తెలియలేదు. అందుకే నోరు జారాను.

"బావా, ఇది మోతిబిందు అయ్యుంటది. బీదర్ పోదాం, పొర తీపిద్దాం. కార్తీకం దాటేసరికి కన్ను మంచిగైతది. మంచి కన్నుతోటి డ్యూటీకి పో. ఎవరికి తెలుస్తది?"

ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. రిజెక్టయిన రిమ్మును చూసే చూపు.

"నువ్వు పిల్లలకు చదువు చెప్తవు గదరా. గిదేనా చెప్పేది?"

అంతే అన్నాడు. ఫోన్ తీసి, స్పీకరు పెట్టి మేనేజరుకు చేశాడు. ఆషాఢం లాటు నిజంగానే పసుపు కొట్టిందని, మీటరు సరిగ్గానే చెప్పిందని, తన కన్నే తప్పని, ఎప్పుడూ రిమ్ముల గురించి చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"ఇప్పుడెందుకు శంకరప్పా? అయిపోయిన ముచ్చట గదా. కన్ను బాగు చేపిచ్చుకొని రా, చూద్దాం" అన్నాడు అవతల సదాశివ.

"అయిపోలేదు సార్. ఆ పిల్ల ఇంకా ప్యాకింగ్‌లనే ఉంది. నా మాట మీద తీసిన్రు, నా మాట మీదనే మళ్ల పెట్టండి. ఇన్నేండ్లు నేను రిజెక్ట్ అంటే మీరు మళ్ల అడగలేదు. గిది గూడ గట్లనే రాసుకోండి."

ఫోన్ పెట్టేసి రిజిస్టరు తెరిచాడు. పాలపిట్ట కింది వరుసలో రాశాడు. "శంకరప్ప. రెండు కండ్లు. తెలుపు, నీలం పోల్చలేదు. రిజెక్ట్." 'చూసినవారు' దగ్గర తను సంతకం పెట్టి, 'ఒప్పుకున్నవారు' దగ్గర అక్కతో పెట్టించాడు. అక్క సంతకం పెడుతూ ఏడ్చింది. ఆయన ఆమె చేతిని రిజిస్టరు మీంచి తీసి, తడి పడకుండా పేజీని చొక్కాతో ఒత్తాడు.

బీదర్‌లో డాక్టరు చూసి, కంటిలోని అద్దం పదేళ్లుగా కొంచెం కొంచెంగా పసుపెక్కుతూ వచ్చిందన్నాడు. మీ యూనిట్లో ఏటేటా కళ్లు చూడరా అని అడిగాడు. చూస్తారు. గోడ మీది అక్షరాలు చదివిస్తారు, బావ చివరి వరుస దాకా గడగడా చదివేస్తాడు. తెలుపును తెలుపుగా చూస్తున్నావా అని ఎవరూ అడగరు. ముందు ఎడమ కన్నుకు చేద్దాం, నెలాగి కుడిది చేద్దామన్నాడు. చంకకర్రల మీద ఒక చేయి, నా భుజం మీద ఒక చేయి వేసి బావ లోపలికి వెళ్లాడు. భయం లేదా అని అడిగాను. "భయమెందుకు, పొర గీకి మళ్ల వేస్తరు, మా దాంట్ల రోజు చేసే పనే" అన్నాడు.

కంటి కట్టు విప్పిన మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కిటికీ దగ్గర ఉన్నాడు. కుడి కన్ను మూసి చూస్తున్నాడు, ఎడమది మూసి చూస్తున్నాడు. ఒక కంట్లో పాలు, ఇంకో కంట్లో చాయ్ పోసినట్టుందన్నాడు. అక్క నూకలు పోయడానికి వచ్చింది. ఆమె చీర వంక చూస్తూ ఉండిపోయాడు.

"గీ చీర నీలమా?"

"పదేండ్ల సంది గిదే నీలం" అంది అక్క.

గట్టు మీది రెండు రేకులూ చూశాడు. తరవాత కెమెరా తెరిచి మొదటి నుంచి ఒక్కొక్క ఫొటో చూసుకుంటూ వచ్చాడు. పిచ్చుక చెంప, కొంగ, తేనెపిట్ట గొంతు. దసరా పాలపిట్ట దగ్గర ఆగిపోయాడు. రెక్క విప్పినప్పటి ఫొటో. కుడి కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు. కన్ను నలపొద్దని, తుడవొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. చెంపల మీద కారుతుంటే అక్క కొంగుతో కింది నుంచి అద్దింది. నాకూ దుఃఖం ఆగలేదు. పిట్టల్ని రిజెక్టు చేశాడని చెప్పి స్టాఫ్ రూమునంతా నవ్వించింది నేనే.

మరుసటి ఆదివారం ప్రియదర్శిని వచ్చింది. లైన్ మీదికి మళ్లీ తీసుకుని వారమైందట. కోహీర్ జామపళ్లు సంచి నిండా తెచ్చింది. కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"బిడ్డా, తప్పు నాది" అన్నాడు బావ. "నిన్ను అందరి ముంగట తప్పన్న. అందరి ముంగటనే నాది తప్పని చెప్త. కాలు కూడంగనే వస్త."

ఆమె తల వంచుకుంది. మెల్లగా అంది. "మీ మీద కోపం కాదు సార్. ఆ రోజు నాకు పసుపు కనిపించింది. మీరు కాదన్నంక నా కండ్లే మంచిగ లేవేమో అనుకున్న. మూడు నెలలు గట్లనే అనుకున్న. పెట్టెలు కట్టేటప్పుడు గూడ ఏ రంగు చూసినా, ఇది నిజంగ గిదేనా అని అనుమానం."

బావకు ఆ మూడు నెలలూ తన మాటే గెలిచింది. ఆ అమ్మాయికి ఆ మూడు నెలలూ తన కళ్లు తనవి కాకుండా పోయాయి. అది ఆయనకు ఎంతగా గుచ్చుకుందో మొహంలో తెలిసింది.

దిండు కింది నుంచి రిజిస్టరు తీసి దసరా పేజీ తెరిచాడు. పాలపిట్ట ఎదురుగా ఉన్న రిజెక్టును కొట్టేసి, పేజీ అడుగున కొత్తగా రాసి ఉంది. "పాలపిట్ట. రెక్క నీలం. ఓకే." 'చూసినవారు' గడిలో ఆయన సంతకం ఉంది. 'ఒప్పుకున్నవారు' గడి ఖాళీగా ఉంది.

"గీ గడి నీది. ఫొటో చూసి పెట్టు" అని కెమెరా, పెన్ను ఆమె చేతికిచ్చాడు.

ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఫొటోను పెద్దది చేసి చూసింది. కిటికీ దగ్గరకు వెళ్లి వెలుతురులో చూసింది. మళ్లీ వచ్చి కూర్చుని చూసింది. అక్క జామపళ్లు కోస్తూ నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను. పెద్దమనిషి కోరి అడిగాడు, ఆ అమ్మాయి మర్యాదగా ఒక సంతకం గీకుతుంది, అందరం జామపళ్లు తింటాం అనుకున్నాను.

"నీలం కరెక్టే ఉంది సార్" అంది ప్రియదర్శిని. "గని రెక్క కొస కదిలిపోయింది. పిట్ట కన్ను మసకగుంది, ఫోకస్ తీగ మీద పడ్డది."

"అంటే?"

ఆమె మాట తడబడలేదు.

"రిజెక్ట్ సార్."

అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. నేను బావ మొహం వంక చూడలేకపోయాను. బావ కెమెరా తీసుకుని, కుడి కన్ను మూసి, తెర మీద పిట్ట కన్నును వెతికాడు. తల పక్కకు వంచి చూశాడు. తరవాత రిజిస్టరు ఆమె వైపు జరిపాడు.

"రాయి మరి. సంతకం కింద తేదీ వెయ్యి బిడ్డా" అని, కెమెరా మూతి అద్దానికి ఆనించి తీగ వైపు తిరిగాడు.